దారికి అలవాటు కాని మనిషి

మొన్న ఆదివారం మా చెల్లెలి కుటుంబంతో గండికోటకు పోయాను. లోయ అంచున నిలబడి కింద పెన్నను చూడడం, ఫోటోలు దిగడం అయ్యాక వాళ్ళు ఇంకోసారి కోట గోడ ఎక్కుతామన్నారు. నా మోకాళ్ళు ససేమిరా అన్నాయి. బయట టీకొట్టు బెంచీ మీద కూలబడ్డాను. నా సిమ్ముకు అక్కడ సిగ్నలు లేదు. కొట్టాయన తన వైఫై వాడుకొమ్మన్నాడు. కొత్త ఫోను కదా, ప్రతిదీ చదివి నొక్కే జబ్బు ఇంకా పోలేదు. వైఫై పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంది: ఇక్కడ మీ ఫోను తన అసలు అడ్రసు చెప్పడం లేదు, ర్యాండమ్ అడ్రసు వాడుతోంది అని.

అది చదివి తలెత్తి చుట్టూ జనాన్ని ఒకసారి చూశాను. ఎందుకు చూశానంటే ఏం చెప్పను! ఇన్నేళ్ళయినా టీచరమ్మ భయం నా ఒంట్లోంచి పోలేదు.

ఆమె పేరు రాయను. రాస్తే ఆమె నన్ను ఈ జన్మలో క్షమించదు. ప్రొద్దుటూరులో నేను నడిపే ఆడపిల్లల హాస్టల్లో ఒక గది తీసుకుని ఉండేది. ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పేది. జమ్మలమడుగు వైపు మనిషి. ముత్తాతల కాలంలో మిషను దొరల దగ్గర చదువుకుని క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబం. నలభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేది. నడిస్తే చప్పుడయ్యేది కాదు. వెనక నుంచి వచ్చి "అక్కా" అంటే ఉలిక్కిపడి నేను గరిటె జారవిడిచిన సందర్భాలు బోలెడు. బయటికి ఇతరుల్ని భయపెట్టే నడక. లోపల చూస్తే ఆ మనిషే నిలువెల్లా భయం.

మా హాస్టల్ నుంచి ఆమె కాలేజీకి ఒకటే వీధి, తిన్నగా పోతే చాలు. ఆమె తిన్నగా పోయిన పాపాన పోలేదు. ఒకరోజు బంగారు అంగళ్ళ మీదుగా, ఇంకోరోజు కూరగాయల మార్కెట్లోంచి, మరోరోజు ఆటో ఎక్కి కాలేజీ దాటిపోయి, మళ్ళీ వెనక్కి నడుచుకుంటూ. పూలు ఒకే మనిషి దగ్గర వరసగా కొనేది కాదు. చర్చిలో కూడా వారం వారం బెంచీ మార్చేదట. పక్క తలుపు మాత్రం దగ్గర్లో ఉండాలి. ఎన్నింటికి వస్తావమ్మా అంటే "వస్తాలే అక్కా" అనే మాట తప్ప ఇంకో మాట రాదు.

"ఏంది తల్లీ ఈ తిరుగుడు? నిన్ను ఎత్తుకపోయేదానికి ఎవురు కాసుకోనుండారు?" అని ఎగతాళి చేసేదాన్ని.

నవ్వేది. "దారికి మనం అలవాటు కాకూడదు అక్కా. అలవాటైతే మనం వచ్చేది మనకంటే ముందే వేరేవోళ్ళకు తెలుస్తాది" అనేది.

బజారులో ఎదురుపడితే నన్ను ఎరగనట్టే పోయేది. మొదటిసారి నాకు ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం రాగానే పట్టుకున్నాను. "నా ఇంట్లో ఉంటా, నా చేతి కూడు తింటా, నన్ను సూసి మొగం తిప్పుకుంటావా?" అన్నాను.

"నన్ను ఎతికేవోళ్ళు ఉంటే నా మొగం సూడరక్కా. నేను ఎవురి దిక్కు సూస్తానో సూస్తారు. పలకరిస్తే నీ ఇల్లు సూపించినట్టే గదా!" అంది.

ఎవరు వెతుకుతున్నారో మాత్రం చెప్పదు. ఒక్కసారే, మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తూ ఉన్నప్పుడు, తనంతట తానే చెప్పింది. వాళ్ళ నాయన ఒక పెద్దమనిషికి జీపు తోలేవాడట. పోయిన దారిన తిరిగి రాకూడదనేది ఆ జీపుకు కట్టుబాటు. ఒకరోజు వాన పడి వంక పొంగింది. రెండో దారి తెగిపోయింది. "పోయిన దారినే వచ్చినాడు" అని, మిరపకాయలు సర్దుతూ ఊరుకుంది. ఆ తర్వాత ఏం జరిగిందని మా వైపు ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. కానీ ఆ పూట నుంచి ఎగతాళి తగ్గించాను.

ఆమె భయం వీధులతో ఆగేది కాదు, వైఫై దాకా వచ్చేది. ఫోనుకో అడ్రసు ఉంటుందనీ, అది ప్రతి రౌటరుకూ తెలుస్తుందనీ నాకు చెప్పింది ఆమే. హాస్టల్లో చేరిన ప్రతి పిల్ల దగ్గరా ఫోను లాక్కుని, అసలు అడ్రసు బయటపడకుండా ఆ మీట వేసి ఇచ్చేది. ఉన్నట్టుండి రౌటరు ఆపి మళ్ళీ వేసేది, బయటికి కనిపించే అడ్రసు కూడా మారుతుందని. సీరియల్ మంచి పట్టులో ఉండగా నెట్టు పోయేసరికి పైన పిల్లలంతా గోల. "మిస్సూ, మొగుడు తలుపు తీస్తాండాడు మిస్సూ!" అని ఒకతి అరిచింది ఒకసారి. టీచరమ్మ మెట్ల కింద నిలబడి తలుపు తీసేదాకా ఆగండే అని నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను విన్నది అదొక్కసారే.

అట్లాంటి రోజుల్లో వచ్చింది ఆ పిల్ల. పులివెందుల అవతల పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. ఒక ఆసుపత్రి ల్యాబులో పని దొరికింది. ఇంట్లో కుదిర్చిన సంబంధం వద్దని, తనతో చదివిన వేరే కులం అబ్బాయిని చేసుకుంటానని చెప్పి, ఆ మాటకు పడిన దెబ్బలతోనే బస్సెక్కి వచ్చేసింది. భుజం మీద కమిలిన మచ్చ నేనే చూశాను. "మా అన్నకు దొరికితే నన్ను ఉంచడు" అంది. ఏడవకుండా, టైము చెప్పినంత మామూలుగా అంది.

సిమ్ము అన్న పేరు మీదిదని దాన్ని బస్సు కిటికీలోంచే పారేసిందట. టీచరమ్మ మెచ్చుకుంది. తర్వాత ఫోను తీసుకుని, "మీ ఇంట్లో వైఫై ఎవురి లైను?" అని అడిగింది.

"మా చిన్నాయన కొడుకుది. పులివెందుల, పొద్దుటూరు, అంతా ఆయన్దే లైను."

మా హాస్టల్‌కు వచ్చే లైనూ అదే. టీచరమ్మ ఫోను కలపకుండా పక్కన పెట్టి ఆ పిల్లను కూర్చోబెట్టింది.

"మీ నాయన గొర్రెలకు ఏం గుర్తు పెడతాడు?"

"ఈపు మింద ఎర్ర రంగు పూస్తాడు మిస్సు. ఎడం సెవి కొస కోస్తాడు. నాలుగు మందలు కలిసినా మాయి ఏవో తెలియాల గదా."

"నీ ఫోనుకు గూడా అట్లాంటి రంగు పూసి అమ్మినారు. ఏ రౌటరుకు కలిపినా ఆ రంగు కనపడుతాది. మీ అన్నోళ్ళకు ఆ రంగు తెలుసు. ఈడ కలిపినావంటే, ఆఫీసులో కుర్చీలోంచి లేయకుండానే మా పిల్ల ఈడుందని అంటారు." ఆమె ఏదో నొక్కి చూపించింది. "ఇప్పుడు ఈ మీట వేసినా. ఇంక దొడ్డి దొడ్డికీ రంగు మారుతాది. మీ ఇంట్లో ఎరుపైతే ఈడ పచ్చ."

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. "మా నాయన రంగు సూడడు మిస్సు. నడక సూసి ఇది మాదే అంటాడు."

టీచరమ్మ చేయి ఆగిపోయింది. "నా భయం గూడా అదేమ్మా" అంది.

ఆ ఫోనుకు ఒక పేరు కూడా ఉంది. రౌటరు దగ్గర అడ్రసు పక్కనే ఆ పేరూ కనిపిస్తుందట. చిన్నమ్మి అని ఉంది. టీచరమ్మ దాన్ని తీసేసి ఉత్త ఫోన్ అని పెట్టింది. దెబ్బలు చెప్పినప్పుడు ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. "మా నాయన పిలిచే పేరు మిస్సు అది" అని. టీచరమ్మ లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఆ తర్వాత పాఠాలు మొదలయ్యాయి. ల్యాబుకు రోజూ ఒకే సందులో పోవద్దు. ఎవరు పిలిచినా మొదటి పిలుపుకు వెనక్కి తిరగొద్దు. అన్నిటికంటే ముఖ్యం, మన గడప బయట మగవాళ్ళ చెప్పులు కనిపిస్తే గేటు ముట్టుకోవద్దు, ఆగకుండా చర్చి దాకా నడిచిపో. నేను వంటింట్లోంచి వింటూ, ఇదేం చాదస్తమమ్మా అనుకున్నాను. వైఫై లైను మార్చమని టీచరమ్మ పోరితే ఇంకో కంపెనీకి చెప్పాను. వాళ్ళు రేపూ మాపూ అంటూ తిప్పుతున్నారు.

వాళ్ళొచ్చింది ఆదివారం మధ్యాహ్నం. పిల్లలు చాలామంది ఊళ్ళకు పోయారు. ఆ పిల్లకు ల్యాబులో డ్యూటీ. వచ్చే వేళవుతోంది. ముందు గదిలో నేను చిక్కుడుకాయలు వొలుస్తున్నాను. గేటు చప్పుడైంది. ఇద్దరు మగవాళ్ళు. పెద్దవాడు చెప్పులు గడప బయట విడిచి, చేతులు కట్టుకుని, "లోపలికి రావచ్చునా అమ్మా?" అన్నాడు. అంత మర్యాద. ఆ మొహంలో ఆ పిల్ల ముక్కు, ఆ పిల్ల కళ్ళు.

"మా చెల్లెలు అలిగి వచ్చేసిందమ్మా. కోపం ల్యా మాకు. నాయన అన్నం ముట్టడం ల్యా" అన్నాడు, లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంటూ. రెండోవాడు చిన్నాయన కొడుకు, నెట్టు లైనువాడు. వాడు తన ఫోను చూసుకుంటూ చెప్పాడు. "మా ఆఫీసులో సూస్తే మీ రౌటరులో ఒక పేరు కనపడిందక్కా. చిన్నమ్మి అని. అడ్రసు మా ఇంట్లో ఉన్నింది కాదు. ఒకపూట ఒకటి, ఇంకోపూట ఇంకోటి. పేరు మాత్రం అదే. ఇప్పుడు గూడా లైనులో ఉండాది, సూడండి."

ఫోను నా మొహం ముందు పెట్టాడు. ఉంది. చిన్నమ్మి. ఆ పిల్ల మళ్ళీ ఆ పేరే పెట్టుకుందన్న మాట. ఫోను పైన గదిలోనే వదిలి పోయినట్టుంది. మెట్లెక్కి చూస్తామంటే నేనెట్లా ఆపేది? ఇంట్లో మగదిక్కు లేదు. ఆ క్షణంలోనే ఆ పిల్ల గేటు తీసుకుని వస్తే? అబద్ధం ఒక్కటీ నోటికి రాలేదు. చిక్కుడుకాయలు చేటలోంచి కింద పడుతున్నాయి, నాకు తెలుస్తూనే ఉంది, ఏరుకోలేకపోతున్నాను.

"అది నాది నాయనా."

ఎప్పుడొచ్చి నిలబడిందో టీచరమ్మ నా వెనకే ఉంది. చప్పుడు కాని ఆ నడక మీద ఆ రోజు నాకు మొదటిసారి ప్రేమ కలిగింది.

"నీదా?" అన్నాడు అన్న. మర్యాద కొంచెం జారింది.

"మేము ఇద్దరం ఆడబిడ్డలం. మా అక్క పెద్దమ్మి, నేను చిన్నమ్మి. ఇంట్లో అట్లనే పిలుస్తారు."

"అడ్రసులు మారతా ఉండాయే?" అన్నాడు నెట్టువాడు.

"కొత్త ఫోన్లన్నీ అంతే నాయనా. అవే మార్చుకుంటాయి. నీకు తెలియందా?"

తన ఫోను చాపింది. నేను ఆ చేతినే చూస్తున్నాను. కాకి అరిస్తే ఉలిక్కిపడే మనిషి. చేయి వణకలేదు. నెట్టువాడు ఆమె ఫోన్లో పేరు చూశాడు, అడ్రసు చూశాడు, తన ఫోనుతో పోల్చాడు. "ఇదే అన్నా. ఈమెదే" అన్నాడు.

అన్న లేవలేదు. మా సీమలో మనిషిని నమ్మాలంటే మొదట ఊరు అడుగుతారు, తర్వాత నాయనను అడుగుతారు. ఆ రెండూ చెప్పాక ఇంక దాచుకోవడానికి ఏమీ మిగలదు. అతనూ అదే అడిగాడు.

"మీది యాడమ్మా?"

"జమ్మలమడుగు."

"నాయన ఏం జేస్తాడు?"

"ల్యాడు. జీపు తోలేవాడు."

"ఎవురి జీపు?"

ఆమె చెప్పింది. ఆ పేరు నేనిక్కడ రాయను. అది వినగానే ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్న లేచి నిలబడ్డాడు. ఆ పిల్ల సంగతి అతని కళ్ళలోంచి పోయింది. వాటి నిండా ఇప్పుడు టీచరమ్మే ఉంది.

"ఆ డ్రైవరుకు కూతురు ఉండాదని మా ఇంట్లో ఎవురూ అనలేదే" అన్నాడు మెల్లగా.

"ఉండాది నాయనా. నేనే" అంది.

వాళ్ళు చెప్పులు వేసుకుని పోయారు. గేటు మళ్ళీ పడిన చప్పుడు విన్నాక ఆమె గోడకు ఆనుకుని జారి కూర్చుంది. అప్పుడు మొదలైంది వణుకు. పళ్ళు కొట్టుకుంటున్నాయి. దగ్గరికి తీసుకుంటే ఒళ్ళంతా చల్లగా ఉంది.

"పైకి పోయి ఆ పిల్ల ఫోను ఆపాల ముందు" అన్నాను.

"ఆ ఫోను దాని దగ్గరే ఉండాదక్కా. ఇప్పుడు లైనులో ఉన్నింది నాదే." ఊపిరి తీసుకుంది. "తీసేసిన పేరు నాలుగు రోజులకే మళ్ళీ పెట్టుకునింది. నేను సూసినా. తిట్టబోయి ఆగిపోయినా. ఇల్లు పాయ, నాయన పాయ. ఆ పేరు గూడా లాక్కుంటే దానికేం మిగులుతాది? అందుకని అదే పేరు నేనూ పెట్టుకుంటి. ఎవురైనా వస్తే రెండు ఫోన్లూ ఒకటే అనుకోవాలని."

"నాయన సంగతి ఎందుకు సెప్పినావే? ఏదో ఒక అబద్ధం ఆడకూడదా?"

"వాడి సూపు దాని మింద నుంచి తిప్పాల గదక్కా. తిప్పేదానికి నా దగ్గర ఇంకేముండాది?" నన్ను చూడకుండా అంది. "ఆ రోజు జీపులో ఎనక సీటు కింద నేనుంటి. దారి కాసిన ఈళ్ళ ఇంటోళ్ళకు తెలియదు. అందర్నీ సూసినా నేను."

నేల మీద చిక్కుడుకాయలు, వాటి మధ్య మేమిద్దరం. బయట మామూలు ఆదివారం. ఎవరో ఐస్‌క్రీం బండివాడు గంట కొట్టుకుంటూ పోతున్నాడు.

డ్యూటీ వేళ దాటిపోయింది. ఆ పిల్ల రాలేదు. టీచరమ్మ ఒక సంచీలో రెండు చీరలు కుక్కుకుంది. చర్చిలోనే ఉంటుంది, గేటు బయటినుంచే అన్న చెప్పులు గుర్తుపట్టి ఉంటుంది అంది. వాడు చూపించిన ఆ మర్యాదే ఆ పిల్లను కాపాడింది.

"యాడికి పోతారు?" అన్నాను.

"అడగొద్దక్కా. నీకు తెలియకుంటేనే నీకు మంచిది. యాడైనా కనపడితే పలకరించొద్దు. తల గూడా తిప్పొద్దు." నా చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కింది. వెనక గోడ పక్క సందులోంచి పోయింది. ఆ సందును ఆమె అంతకు ముందు ఎప్పుడూ వాడలేదు.

తర్వాత చాన్నాళ్ళు ఎదురుగా టీ అంగడి దగ్గర తెలియని మనుషులు కూర్చునేవాళ్ళు. మా గేటునే చూసేవాళ్ళు. నేను తలుపులు బిగించుకుని, ఉడికిందో లేదో తెలియని అన్నం పిల్లలకు వడ్డించేదాన్ని. కొన్నాళ్ళకు వాళ్ళూ రావడం మానేశారు. టీచరమ్మ గురించీ ఆ పిల్ల గురించీ మంచి కబురు లేదు, చెడ్డ కబురూ లేదు. పొద్దున పేపరు రాగానే జిల్లా పేజీ తీసి, ముందు కళ్ళు మూసుకుని, తర్వాత చదువుతాను. ఇప్పటికీ అంతే.

ఇవన్నీ గండికోట టీకొట్టు బెంచీ మీద ఒక్కసారిగా మీద పడ్డాయి. టీ చల్లారిపోయింది. సరే, వైఫై కలుపుదామని మళ్ళీ ఫోను తీశాను. కొట్టాయన వైఫై పేరు కింద ఇంకో పేరు కొత్తగా వచ్చింది. ఎవరో తమ ఫోన్లోంచి ఇంకొకరికి నెట్టు ఇస్తున్నారు. గీతలు నిండుగా ఉన్నాయి. అంటే నాలుగడుగుల్లోనే ఉన్నారు.

చిన్నమ్మి.

మా వైపు ఇంటికో చిన్నమ్మి ఉంటుంది. ఈ జనంలో ఎవరైనా కావచ్చు. ఆ మాట నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను, గుండె వినడం లేదు. నేను కూర్చున్న బెంచీ వెనక, వీపుకు వీపుగా ఇంకో బెంచీ ఉంది. అది కిర్రుమంది. ఎవరో వచ్చి కూర్చున్నారు. ఒకరు కాదు, ఇద్దరు. మొదటి మనిషి చెప్పుల చప్పుడు విన్నాను. రెండో మనిషి అడుగుల చప్పుడు వినలేదు.

ఎంత దగ్గర! వెనక్కి వాలితే భుజం తగులుతుంది. బతికే ఉన్నావా తల్లీ అని అడగాలని నోటిదాకా వచ్చింది. ఎదురుగా కార్లు, బస్సులు, వందల మొహాలు. అందులో నా మొహం చూస్తున్నవాళ్ళు ఎవరో నాకేం తెలుసు?

గోడ దిగి మా చెల్లెలు వచ్చింది. "ఏందక్కా, కండ్లల్లో నీళ్ళు?" అంది.

"ఎండ" అన్నాను.

లేచి, చెల్లెలి చెయ్యి పట్టుకుని కారు దాకా నడిచాను. తల తిప్పలేదు.